ఉప్పునీటి వేటకు కొయ్య చేప: ఇంట్లోనే ల్యూర్ చేసుకోవడం ఎలా, మొదటి నుంచి చివరి దాకా

నేను చేసిన మొదటి కొయ్య చేప, అంటే చేపల్ని మోసం చేసే నకిలీ ఎర (ల్యూర్), నీళ్లలో వేయగానే మునిగిపోయింది. టేకు ముక్కతో చేశాను. రెండు వారాలు కూర్చుని పొలుసులతో సహా రంగులేసి, కళ్లకు చమ్కీలు అంటించి, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లి విసిరితే, తిరిగి లాగుతున్నంతసేపూ తడిసిన కర్రముక్క వస్తున్నట్టే ఉంది తప్ప ఒక్కసారి కూడా చేపలా ఒళ్లు విరుచుకోలేదు. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బావుంది బాబూ, అద్దాల బీరువాలో ఎట్టుకో" అన్నాడు. ఆ రోజు అర్థమైంది ఏంటంటే నేను రంగు మీద పెట్టిన టైములో పదో వంతు కూడా బరువు మీద పెట్టలేదు. అందుకే ఈ మార్గదర్శిలో రంగు గురించి తక్కువ, కర్ర గురించి, సీసం గురించి, బకెట్ గురించి ఎక్కువ ఉంటుంది.

ఇందులో మనం చేసేది 15 సెంటీమీటర్ల తేలే స్టిక్‌బెయిట్. అంటే మూతి కింద రేకు గానీ ప్లాస్టిక్ నాలుక గానీ లేని, సాదా చేప ఆకారం. లాగినప్పుడు నీళ్లలోకి దూరి అటూ ఇటూ ఊగుతుంది, ఆపితే మెల్లగా పైకి లేస్తుంది. లేతు మిషన్ అక్కర్లేదు. ఒక రంపం, ఒక డ్రిల్లు, ఆకురాయి, చాకు, ఉప్పు కాగితం, కటింగ్ ప్లయర్, గ్రాములు చూపించే చిన్న కాటా ఉంటే చాలు. కాటా మాత్రం కచ్చితంగా ఉండాలి, వంటింట్లో వాడే డిజిటల్‌ది సరిపోతుంది.

ముందు ఏ చేపకో తేల్చుకోండి

మన తీరంలో ఒడ్డు నుంచి గానీ చిన్న పడవ నుంచి గానీ ల్యూర్‌ని కొట్టే చేపల్లో నేను ఎక్కువగా చూసేవి మూడు: పార, వంజరం (విశాఖ వైపు కోనాం అంటారు), నదీముఖాల దగ్గర పండుగప్ప. మూడూ ఒకేలా తినవు. పండుగప్ప ఒక్కసారిగా నోరు తెరిచి నీళ్లతో సహా ఎరని లోపలికి పీల్చేస్తుంది, కాబట్టి దానికి పొట్ట కింద గాలం ముఖ్యం. వంజరం వేగంగా వచ్చి కత్తిలాంటి పళ్లతో తోక వైపు కోసేస్తుంది, తోక గాలం లేకపోతే సగం కొయ్య చేప పోయి సగం మీ చేతికొస్తుంది. పార మూర్ఖంగా గుద్ది, రాళ్ల వైపు లాక్కుపోతుంది. దానికి గాలం ఎక్కడుందన్న దానికంటే లోపలి తీగ ఎంత గట్టిదన్నదే సమస్య.

ఇవి తినేది కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు. 15 సెం.మీ. అంటే బాగా ఎదిగిన కవళ్ల సైజు. మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఒక కవళ్ల చేప తెచ్చుకుని కాగితం మీద పెట్టి చుట్టూ గీయండి. అదే మీ మొదటి డిజైను. నిజంగా అంతే. పొట్ట లోతుగా, తోక దగ్గర సన్నగా, తల మొద్దుగా ఉన్న ఆ గీతని కాస్త సాగదీస్తే చాలు. నాది 15 సెం.మీ. పొడవు, బాగా లావున్న చోట 3.2 సెం.మీ. ఎత్తు, 2.6 సెం.మీ. వెడల్పు. ఆ లావు మూతి నుంచి మూడో వంతు దాటాక వస్తుంది, అక్కడి నుంచి తోక దాకా మెల్లగా తగ్గుతుంది. పక్కలు కాస్త బల్లపరుపుగా ఉంటే ఊగినప్పుడు వెలుగు బాగా కొడుతుంది, పూర్తిగా గుండ్రంగా ఉంటే ఊగడం తగ్గి జారడం ఎక్కువవుతుంది. మొదటిసారి కోడిగుడ్డు లాంటి కోత పెట్టుకోండి, అంటే అడ్డంగా కోసి చూస్తే వీపు వైపు కాస్త సన్నగా, పొట్ట వైపు కాస్త వెడల్పుగా.

గీసిన బొమ్మని అట్టముక్క మీదకి ఎక్కించి కత్తిరించండి. పక్క నుంచి కనిపించే ఆకారానికి ఒకటి, పై నుంచి కనిపించే ఆకారానికి ఒకటి. ఈ అట్టల్ని పారేయకండి, వెనక తేదీ, కర్ర పేరు, వేసిన సీసం గ్రాములు రాసి పెట్టుకోండి. బాగా వచ్చిన దాన్ని మళ్లీ చేయాలంటే జ్ఞాపకం పనికిరాదు.

కర్ర

ల్యూర్‌కి కర్ర సాంద్రత (నీళ్లది 1 అనుకుంటే) 0.4 నుంచి 0.5 మధ్య ఉంటే పని సులువు. అమెరికా తూర్పు తీరంలో స్ట్రైపర్ చేపల కోసం ప్లగ్గులు (కొయ్య ల్యూర్లు) చెక్కేవాళ్లు సెడార్, పైన్, మేపుల్, బర్చ్ వాడతారు. మనకి సెడార్ ఎక్కడ దొరుకుతుంది? కానీ విదేశాల నుంచి యంత్రాలు వచ్చే పెట్టెల పైన్ చెక్క పాత సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ముడులు, మేకుల రంధ్రాలు లేని ముక్క ఏరుకోవాలి. గుమ్మడి టేకు చాలా మంచిది, తేలికగా చెక్కబడుతుంది. మామిడి కాస్త బరువు, కానీ పనవుతుంది. అసలు టేకు, వేప బరువు ఎక్కువ. మునిగే ల్యూర్ కావాలంటే తప్ప వద్దు.

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి గురించి చాలామంది అడుగుతారు. అది మరీ తేలిక, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. చిన్న ల్యూర్లకి బాగుంటుంది కానీ వంజరం ఒక్కసారి కొరికితే పూత పగిలి నీళ్లు తాగేస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర దానికంటే గట్టిది, పోగు సన్నంగా ఉంటుంది, నున్నగా తిరుగుతుంది. అక్కడి లేతు పనివాళ్లు తిప్పినంత సొంపుగా మనం చేత్తో చెక్కలేం. కాకపోతే వాళ్లు వేసే లక్క పూత చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా ఉప్పునీళ్లకి, రాళ్ల దెబ్బలకి కాదు. కర్ర తెచ్చుకుని పూత మనం వేసుకోవాల్సిందే.

సాంద్రత ఎలా తెలుసుకోవాలి? అడితిలో అడిగితే "గట్టి కర్రే సార్" అంటారు, అంతకు మించి చెప్పరు. సమానంగా ఉన్న ఒక సన్నటి బద్ద, 30 సెం.మీ. పొడవుది కోసి, పొడవాటి గొట్టంలో మంచినీళ్లు పోసి నిలువుగా వదలండి. ఎంత పొడవు మునిగిందో చూడండి. 30లో 13 మునిగితే 0.43. 20 మునిగితే 0.67, ఆ కర్ర పక్కన పెట్టేయండి. గొట్టం లేకపోతే బద్దని తూచి, పొడవు వెడల్పు మందం కొలిచి భాగించినా అదే లెక్క.

ఇంకో మాట. కర్ర బాగా ఎండి ఉండాలి. పచ్చి కర్రతో చేస్తే పూత వేశాక లోపల ఆరి, కుంచించుకుపోయి, పూత పగులుతుంది. పాత తలుపులు, కిటికీల ముక్కలు అందుకే మంచివి, ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి. పోగు మూతి నుంచి తోకకి నేరుగా పోవాలి, ఏటవాలుగా పోతే ఆ గీత మీదే విరుగుతుంది.

దిమ్మ చతురస్రంగా ఉండగానే చేయాల్సినవి

మొదటిసారి చేసేవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను: ముందు అందంగా చెక్కేసి, తర్వాత గుండ్రటి ఒంటి మీద రంపం పెట్టడం. అది జారుతుంది, కోత వంకర పోతుంది, వంకర పోయిన ల్యూర్ జీవితాంతం ఒక వైపే తిరుగుతుంది. 16 సెం.మీ. పొడవు, 3.5 ఎత్తు, 3 వెడల్పు దిమ్మ కోసుకుని, అది ఇంకా నాలుగు పలకలుగా ఉండగానే అన్ని వైపులా నడిమి గీత గీసి, కోతలూ రంధ్రాలూ పూర్తి చేసేయండి. ఆ 16 సెంటీమీటర్లలో ఒకటి చివర్లు సాపు చేయడానికి పోతుంది.

పొట్ట వైపు నడిమి గీత మీద మూతి నుంచి తోక దాకా ఒక గాడి కోయాలి. దీంట్లోనే తీగ కూర్చుంటుంది. గాడి వెడల్పు 2 మి.మీ. ఉంటే చాలు, లోతు ఒంటి మధ్య దాకా. సన్న రంపం కోత సరిపోదు, పెద్ద రంపం కోత ఎక్కువైపోతుంది, అందుకని నేను రెండు హాక్సా బ్లేడులని టేపుతో కలిపి చుట్టి కోస్తాను. దిమ్మని వైస్‌లో బిగించి, రెండు పక్కలా సమానంగా ఉండేలా నెమ్మదిగా లాగాలి. గాడి వద్దనుకునేవాళ్లు పొడవాటి డ్రిల్ బిట్టుతో రెండు చివర్ల నుంచి రంధ్రం వేసి మధ్యలో కలుపుతారు. నిలువు డ్రిల్ మిషన్ లేకపోతే ఆ జోలికి పోకండి, నాకు బిట్టు పక్క నుంచి బయటికొచ్చి రెండు ముక్కలు చెత్తబుట్టలో పడ్డాయి.

తీగ

మార్కెట్లో దొరికే చౌక ల్యూర్లలో గాలాన్ని కర్రకి గానీ ప్లాస్టిక్‌కి గానీ చిన్న స్క్రూతో పట్టిస్తారు. చెరువులో బొచ్చెకి సరిపోతుంది. సముద్రంలో పెద్ద పార లాగితే స్క్రూ ఊడి, చేప నోట్లో గాలం, మీ చేతిలో కర్ర మిగులుతాయి. ఒకటే తీగ మూతి నుంచి తోక దాకా పోతే, కర్ర రెండుగా విరిగినా చేప మీ దారానికే ఉంటుంది. ఇది తేడా.

స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, 1.6 మి.మీ. మందం. గేజ్ లెక్కలో అడిగితే 16 గేజ్. రకంలో 316 దొరికితే అదే తీసుకోండి, 304 కూడా నడుస్తుంది కానీ ఉప్పునీళ్లలో ఎక్కువ కాలం ఉంటే చుక్కలు చుక్కలుగా తుప్పు తింటుంది. మామూలు జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) వద్దే వద్దు.

దాదాపు 30 సెం.మీ. ముక్క తీసుకోండి. ఒక కొసని మేకు చుట్టూ తిప్పి 5 మి.మీ. కన్ను చేసి, మిగిలిన తోకని అసలు తీగ చుట్టూ మూడు చుట్లు గట్టిగా చుట్టండి. అది మూతి కన్ను, ఇక్కడే దారం కడతాం. తర్వాత తీగని గాడిలో పెట్టి కొలుచుకుంటూ, పొట్ట గాలం రావాల్సిన చోట, అంటే మూతి నుంచి 5.5 సెంటీమీటర్ల దగ్గర, తీగని కిందికి వంచి మేకు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్లీ పైకి తీసుకెళ్లండి. ఆ చుట్టు పొట్ట కింద ఒక కన్నులా బయటికి రావాలి. ఇంకా బాగా చేయాలంటే చుట్టు బదులు అక్కడ ఒక గట్టి స్వివెల్‌ని (గిరగిరా తిరిగే చిన్న లింకు) తీగకి గుచ్చండి. చేప గిరగిరా తిరిగినా గాలం దానితో పాటు తిరుగుతుంది, మెలిపెట్టి ఊడదీయలేదు. తోక కన్నుని మాత్రం ఒళ్లు చెక్కి సాపు చేసిన తర్వాతే చుట్టండి, ముందే చుడితే పొడవు తేడా వస్తుంది.

రెండు గాలాల మధ్య దూరం చూసుకోండి. ముందు గాలం వెనక్కి ఊగినప్పుడు వెనక గాలాన్ని తాకకూడదు. తాకితే రెండూ కొక్కేల్లా పట్టుకుంటాయి, విసిరిన ప్రతిసారీ ముడి.

చెక్కడం

అట్టని దిమ్మ పక్కన పెట్టి గీసి, రంపంతో ఆ ఆకారం కోయండి. తర్వాత పై అట్టతో గీసి పక్కలు కోయండి. ఇప్పుడు మీ చేతిలో పలకలు పలకలుగా ఉన్న చేప ఉంటుంది. నాలుగు అంచులని సమానంగా చాకుతో తీసేస్తే ఎనిమిది పలకలవుతాయి. ఆ ఎనిమిది అంచులనీ ఆకురాయితో తీస్తే పదహారు. ఆ తర్వాత 80 నంబరు ఉప్పు కాగితం దానంతట అదే గుండ్రం చేస్తుంది. ఎవరైనా నేరుగా గుండ్రంగా చెక్కబోతే ఒక వైపు లావు, ఒక వైపు సన్నం అవుతుంది. పలకలు లెక్కపెట్టుకుంటూ పోతే కళ్లు మోసపోవు. 80 తర్వాత 120, 220, చివర 320.

నడిమి గీత చెరిగిపోతుంది, మళ్లీ గీస్తూ ఉండండి. మూతి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, రెండు బుగ్గలూ ఒకేలా ఉన్నాయా? అద్దంలో పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా దొరుకుతుంది. ముక్కుకి మాస్కు కట్టుకోండి.

బరువు, బకెట్

అసలు పని ఇక్కడే. కొయ్య చేప తేలుతుందా మునుగుతుందా అన్నది దాని ఘనపరిమాణం మీద, మొత్తం బరువు మీద ఆధారపడుతుంది. ఘనపరిమాణం కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది: కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి, కొయ్యని సన్న సూదికి గుచ్చి పూర్తిగా ముంచి పట్టుకోండి, గ్లాసు అడుగు గానీ గోడ గానీ తాకకూడదు. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని ఘన సెంటీమీటర్లు. గ్లాసు పొడవుగా ఉండాలి. గాడి తాత్కాలికంగా టేపుతో మూయండి, నీళ్లు తాగకముందే త్వరగా తీసి తుడవండి.

నాది 61 వచ్చిందనుకోండి. సముద్రపు నీటి సాంద్రత దాదాపు 1.025, అంటే ఈ ఒళ్లు మోయగల గరిష్ఠ బరువు 62.5 గ్రాములు. అంతకు మించితే మునుగుతుంది. ఇప్పుడు ఖర్చులు రాయండి: 0.45 సాంద్రత కర్ర 27.5 గ్రాములు, తీగ, గాలాలు తగిలించే రింగులు, రెండు గాలాలు కలిపి 18, పూతలు 4. మొత్తం 49.5. నాకు 56 గ్రాముల దగ్గర ఆపాలని ఉంది, అంటే పది శాతం తేలే బలం మిగులుతుంది. కాబట్టి సీసం 6.5 గ్రాములు. ఇదే లెక్క టేకుకి వేయండి. 0.65 అయితే కర్రే దాదాపు 40 గ్రాములు, దానికి 22 కలిపితే 62, సీసం ఒక్క గ్రాము వేసినా మునిగినట్టే. నేను అప్పట్లో ఏకంగా 8 గ్రాములు వేశాను! ఆ పెద్దాయన చేత్తో తూచి కనిపెట్టింది ఇదే.

సీసం కొత్తగా కరిగించక్కర్లేదు. కరిగించి పోస్తే ఆవిరి, పొగ, కర్ర మాడటం, కాస్త తడి తగిలితే చిట్లి మీద పడటం, ఇంత ప్రమాదం ఎందుకు? విసురు వలకి కట్టే సీసపు గుళ్లు వల సామాన్ల షాపులో దొరుకుతాయి. వాటిని బయటే సుత్తితో సాగగొట్టి, గుంటకి సరిపడా చేసి దూర్చండి. గుంటలో పెట్టి కొడితే కర్ర చీలుతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పళ్లతో మాత్రం కొరక్కండి. వల కట్టేవాళ్లు కొరుకుతారు కదా అంటారేమో, వాళ్లు కొరికినా అది మంచిది కాదు.

ఎక్కడ పెట్టాలన్నది ఎంత పెట్టాలన్నంత ముఖ్యం. ఎప్పుడూ పొట్ట అడుగునే, వీలైనంత కిందికి. పైకి పెడితే వెల్లకిలా పడుతుంది. పొట్ట గాలానికీ తోకకీ మధ్య పెడితే, ఆపినప్పుడు తోక కాస్త కిందికి వాలి మూతి పైకి ఉంటుంది, విసిరినప్పుడు తోక ముందుగా బాణంలా పోతుంది. మరీ తోక దగ్గరికి జరిపితే దూరం ఇంకా పెరుగుతుంది కానీ లాగినప్పుడు ఊగడం చచ్చిపోతుంది. ఒంటి నడుమ పెడితే బల్లపరుపుగా తేలి బాగా ఊగుతుంది, విసిరితే గాల్లో పల్టీలు కొట్టి పది అడుగుల ముందే పడుతుంది. ఏది కావాలో మీరు తేల్చుకోవాలి. మనకి తీరం మీద ఎదురుగాలి మామూలే కాబట్టి నేను వెనక్కే మొగ్గుతాను.

ఇప్పుడు బకెట్. పది లీటర్ల నీళ్లలో 350 గ్రాముల కల్లుప్పు కలిపితే సముద్రపు నీళ్లకి దగ్గరగా వస్తుంది. కొయ్యకి పలచటి వార్నిష్ ఒక చేయి వేసి ఆరనిచ్చి, తీగ గాడిలో పెట్టి రబ్బరు బ్యాండ్లతో కట్టి, అసలు వేయబోయే గాలాలే తగిలించి, సీసాన్ని పొట్ట కింద టేపుతో అంటించి వదలండి. ముందుకు జరపండి, వెనక్కి జరపండి, సగం గ్రాము తీయండి, కలపండి. చేత్తో వెల్లకిలా తిప్పి వదిలితే వెంటనే తిరగబడి నిలబడాలి. ఇంకా వేయని పూతల కోసం 3 గ్రాములు వదిలి పెట్టుకోవడం మర్చిపోకండి, ఆ మూడు గ్రాముల వల్లే బకెట్లో తేలినవి బీచ్‌లో మునుగుతాయి. పైగా వర్షాకాలం చివర్లో గోదావరి, కృష్ణ నీళ్లు కలిసి మన తీరం పొడవునా పైనీళ్ల ఉప్పదనం తగ్గుతుంది. అంతర్వేది లాంటి నదీముఖాల్లో అయితే ఇంకా చప్పగా ఉంటాయి. అలాంటి చోటికి చేసేదైతే ఇంకో గ్రాము తగ్గించండి.

సరిగ్గా కుదిరాక ఆ చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, 8 మి.మీ. బిట్టుతో 12 మి.మీ. లోతు గుంట తవ్వండి. గట్టిగా కూరితే దాదాపు 6 గ్రాముల సీసం పడుతుంది. తీసేసిన కర్ర బరువు, టేపు నుంచి లోపలికి జరిగిన సీసం వల్ల కాస్త తేడా వస్తుంది, అందుకే అతికించే ముందు మరోసారి బకెట్లో వేయండి.

అతికించడం, సీల్ చేయడం

ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు వద్దు. రాత్రంతా పట్టే మామూలు అరల్డైట్ రకం ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడండి. అదే ఎపాక్సీలో చెక్కినప్పుడు వచ్చిన సన్న పొట్టు కలిపి ముద్ద చేసి, గాడి అడుగున రాసి, తీగ పెట్టి, సీసం పెట్టి, మీద మళ్లీ ముద్దతో నింపండి. తీగని ముందే ఉప్పు కాగితంతో గరుకు చేస్తే జిగురు పట్టుకుంటుంది. ఒక రోజు ఆగి సాపు చేయండి.

సీల్ చేయడానికి రెండు దారులు. పాత పద్ధతి: మరిగించిన రకం అవిసె నూనె, టర్పెంటైన్ సగం సగం కలిపి రాత్రంతా నానబెట్టి, వారం పది రోజులు ఆరబెట్టడం. బాగా పనిచేస్తుంది కానీ పూర్తిగా ఆరకపోతే పైన వేసే రంగు ఊడుతుంది. ఇంకో ప్రమాదం, ఆ నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిజంగా అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పెట్టాలి. రెండో దారి పలచటి ఎపాక్సీ. నేను ఇదే చేస్తాను. కొయ్యని హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, డ్రయర్ ఆపేసి, అప్పుడు రాయండి. కొయ్య చల్లారుతూ లోపలి గాలి కుంచించుకుని జిగురుని లోపలికి లాక్కుంటుంది. తిరగేసి చేస్తే, అంటే రాసిన తర్వాత ఎండలో పెడితే, లోపలి గాలి బయటికొచ్చి ఒళ్లంతా పొక్కులే.

రంగు

పొట్ట తెలుపు, పక్కలు వెండి, వీపు ముదురు నీలం గానీ ఆకుపచ్చ గానీ. ఇంతకు మించి చేపకి అవసరం లేదు, మిగతాది మన సరదా. ఫిన్లాండ్‌లో లౌరి రాపలా 1936లో బెండుతో తన మొదటి ల్యూర్ చేసినప్పుడు మెరుపు కోసం చాక్లెట్ల చుట్టూ ఉండే వెండి కాగితం చుట్టి, పైపూతకి ఫొటో నెగటివ్‌లు కరిగించి వాడాడు. ఆయన సముద్రానికి కాదు, సరస్సులో చేపలకి చేశాడనుకోండి. ఆ చాక్లెట్ కాగితం ఇప్పటికీ మెరుస్తుంది, మీరూ వాడొచ్చు.

తెల్ల ప్రైమర్ రెండు చేతులు, మధ్యలో 320తో ఒకసారి రుద్దడం. పొలుసుల కోసం దోమతెర ముక్కని ఒంటి మీద బిగుతుగా చుట్టి క్లిప్పులు పెట్టి, పైనుంచి స్ప్రే డబ్బాతో ముదురు రంగు పలచగా కొట్టి, రంగు తడి తగ్గాక తెర తీస్తే పొలుసులు అచ్చు పడతాయి. కళ్లకి చమ్కీ, మధ్యలో నల్ల చుక్క. స్ప్రే రంగుకి కనీసం రెండు రోజులు ఆరే టైము ఇవ్వండి. తొందరపడి మీద ఎపాక్సీ వేస్తే రంగు ముడతలు పడుతుంది.

పైపూతకి ఇప్పుడు రెసిన్ ఆర్ట్ కోసం అమ్ముతున్న పారదర్శక ఎపాక్సీ సరిపోతుంది. రెండు సీసాల నిష్పత్తి కంపెనీని బట్టి మారుతుంది, సీసా మీద ఉన్నది చదివి కాటా మీద తూచి కలపండి, అందాజుగా కలిపితే ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. పలచగా రెండు పూతలు, ఒక్క మందపాటి పూత కాదు. రాసిన తర్వాత ఓ రెండు గంటలు మొదట్లో ఐదు నిమిషాలకోసారి, తర్వాత పది నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి, లేకపోతే అంతా పొట్ట కిందికి కారి గడ్డకడుతుంది. నేను టీవీ ముందు కూర్చుని తిప్పుతాను. మోటర్లు పెట్టుకునేవాళ్లు ఉన్నారు, పదుల సంఖ్యలో చేసేవాళ్లకి అది తప్పదు. వాన పడుతున్న రోజు, ఉక్కగా తేమ ఉన్న రోజు వేయకండి. మీద మైనం లాంటి పొర వస్తుంది. మన తీరంలో దాని గురించి టెన్షన్ పడాల్సిన రోజులే ఎక్కువ.

పాపర్ కావాలంటే, నాలుక కావాలంటే

ఇదే దిమ్మతో పాపర్ చేయొచ్చు. మూతి సన్నగా కాకుండా మొద్దుగా ఉంచి, దిమ్మ చతురస్రంగా ఉండగానే 25 మి.మీ. బిట్టుతో మూతిలో గిన్నెలా లోతు చేసి, సీసమంతా తోక వైపుకి జరిపితే, లాగినప్పుడు "బ్లప్" మని నీళ్లు చిమ్ముతుంది. పారకి ఇది పిచ్చి.

మూతి కింద నాలుకతో లోతుకి పోయేది కావాలంటే 2 మి.మీ. పాలికార్బొనేట్ షీటు వాడండి, ఆక్రిలిక్ పగులుతుంది. నాలుక ఒంటి వరుసలో ముందుకి సాగి ఉంటే లోతుకి దిగుతుంది, కిందికి నిలువుగా ఉంటే పైపైనే గట్టిగా ఊగుతుంది. దాని గాడి కూడా చెక్కక ముందే కోయాలి. మొదటి మూడు నాలుగు స్టిక్‌బెయిట్‌లు కుదిరాకే దీని జోలికి వెళ్లండి.

గాలాలు, మొదటి విసురు

ట్రెబుల్ గాలాలు (మూడు కొక్కేలవి) 2/0 సైజు, ఉప్పునీటివి, 4 ఎక్స్ అని రాసి ఉండే బలమైనవి. చెరువు గాలాలు పార నోట్లో నిటారుగా సాగిపోతాయి. మీరు బకెట్లో పరీక్షించిన బరువుకీ కొనే గాలం బరువుకీ తేడా ఉంటే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ముందే కొనుక్కుని తూచండి. వంజరానికి 30 సెం.మీ. స్టీలు లీడర్ (దారానికీ ల్యూర్‌కీ మధ్య కట్టే తీగ) పెట్టండి. పారకి, పండుగప్పకి మందపాటి నైలాన్ చాలు.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి పక్కన లాగి చూడండి. ఒకే వైపుకి పోతుంటే మూతి కన్నుని దానికి వ్యతిరేక దిక్కుకి వెంట్రుకవాసి వంచండి, ఎడమకి పోతే కుడికి. అసలు ఊగకపోతే ముందు మీ చేతినే అనుమానించండి. స్టిక్‌బెయిట్‌ని రీలు తిప్పుతూ లాగితే కర్రలాగే వస్తుంది. గాలపు కర్రని పక్కకి పొడవుగా ఊపి, ఆగి, వదులైన దారం చుట్టుకుని, మళ్లీ ఊపాలి. అప్పటికీ ఊగకపోతే తోక గాలాన్ని కాస్త తేలికైనదానితో మార్చి చూడండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవలు వేటకి పోవు. ఆ ఎండాకాలమే కర్ర ఎండటానికీ ఎపాక్సీ ఆరటానికీ కూడా మంచిది. నేను ఏడాదికి సరిపడా అప్పుడే చెక్కుకుంటాను.

ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, గాలాలు కర్రకి ఆనించి తడిగా డబ్బాలో పెడితే తెల్లారేసరికి పూత మీద తుప్పు మరక. పంటి గాట్లు పడితే చూసి మురిసిపోవడం అయ్యాక, గోరు పెట్టి గీసి కర్ర తగులుతుందేమో చూడండి. తగిలితే రెండు మూడు రోజులు బాగా ఆరనిచ్చి ఒక చుక్క ఎపాక్సీ పెట్టండి, తడి మీద పెడితే నీళ్లని లోపలే బంధించినట్టవుతుంది.